నీలం పైపు

"ముందు ఆ గరుకు కాగితం కింద పెట్టండి!"

గుమ్మంలోంచి వచ్చిన ఆ కేకకు సింకు కింద దూరి ఉన్న టెస్టరు ఉలిక్కిపడ్డాడు. తల ఠపీమని పైన తగిలింది. రుద్దుకుంటూ బయటికి వచ్చి చూస్తే ఎదురుగా ఒక అమ్మాయి. చేతిలో కుంచె, చెంప మీద ఎర్రరంగు చుక్క. దుకాణాలకు బోర్డులు రాయడం ఆమె పని.

టెస్టరు అన్నది అతని అసలు పేరు కాదు. తోటి ఎలక్ట్రీషియన్లు తగిలించింది. ఫ్రిజ్ తలుపైనా సరే, టెస్టరు పెట్టి చూడనిదే ముట్టుకోడని వాళ్ల ఎగతాళి. అతనికి మాత్రం అందులో మెప్పే వినిపించేది.

"పైపుల మీద రంగు గీకాలండీ," అన్నాడు. "నీళ్ల పైపుకీ గ్యాస్ పైపుకీ ఈ తీగ బిగించి ఎర్తుకు కలుపుతాం. ఎప్పుడైనా కరెంటు లీకై పైపులోకి వచ్చిందనుకోండి, ఈ తీగ వెంట నేలలోకి పోతుంది. మనుషుల జోలికి రాదు."

"బిగించండి. ఎవరొద్దన్నారు? గీకడం దేనికి?"

"రంగు మీద బిగిస్తే తీగకి ఇనుము తగలదు కదండీ."

"ఇంకా వాసన కూడా పోలేదు, అప్పుడే గీకేస్తారా?" అంది ఆమె. "కిటికీలకు వేద్దామని మా తాతయ్య కొన్న డబ్బా అది. మూత తియ్యకుండానే పోయాడు. కిటికీలకు వెయ్యగా అడుగున మిగిలింది ఈ పైపులకు సరిపోయింది. ఇంక లేదు."

టెస్టరు పైపుల వంక చూశాడు. ఎక్కడా కుంచె గీత కనిపించని నీలం. సింకు కింద ఎవరూ చూడని చోట కూడా అంత శ్రద్ధగా వేసింది.

"పోనీ, గోడవైపు కొంచెం..."

"గోడవైపు వేసింది రంగు కాదా?" అంది. "మీరు పనిలో గట్టివారని మా బాబాయి తెగ పొగిడాడు. గీకకుండా బిగించలేరా?"

అని నవ్వింది.

ఆ నవ్వే కొంప ముంచింది. తీగను పైపుకు పట్టి ఉంచే క్లాంపును రంగు మీదే పెట్టి, మర బాగా బిగిస్తే దాని అంచు రంగును చీల్చుకుని ఇనుమును తాకుతుందిలే అని టెస్టరు తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. తాకిందో లేదో మీటరు పెడితే తెలిసిపోతుంది. తెలిసిపోతుందనే దాన్ని సంచిలోంచి తియ్యలేదు.

తర్వాత ఆ ఇంట్లో ఏదో ఒక పని తగులుతూనే ఉంది. ఒకసారి స్విచ్చు, ఒకసారి కాలింగ్ బెల్లు, మాటిమాటికీ ఫ్యాను.

"బాగుచేసిన ఫ్యాన్నే మళ్లీ బాగుచేస్తావేం నాయనా?" అంది అమ్మాయి నాయనమ్మ. "అది బాగానే తిరుగుతోంది. నీ తలే తిరుగుతున్నట్టుంది."

గోడవతల బోర్డు రాస్తున్న అమ్మాయి కిసుక్కుమంది. ఆ వారం ఏదో దుకాణం పేరులో ఒక అక్షరం వంకరగా వచ్చింది, మళ్లీ రాసుకుంది.

అంతా అలా హాయిగా సాగుతుండగా, వాన పడుతున్న ఒక ఉదయం బాబాయి ఫోన్ చేశాడు. "అమ్మకు షాక్ కొట్టింది. మెయిన్ ఆపేశాను. తొందరగా రా."

టెస్టరు తడుస్తూ పరుగెత్తాడు. నాయనమ్మ కుర్చీలో ఉంది. మనవరాలు ఆమె అరచేయి రుద్దుతోంది. ఒక చెయ్యి గ్యాస్ పొయ్యి అంచు మీద ఉంచి, రెండో చేత్తో వేడినీళ్ల కుళాయి తిప్పిందట. ఒళ్లు ఝల్లుమని, చెయ్యి విదిలించుకుని వెనక్కి పడింది. మోచెయ్యి వాచింది.

టెస్టరు గీజరు విప్పి చూశాడు. లోపల హీటరు పగిలి కరెంటు నీళ్ల పైపులోకి వచ్చింది. గీజరు ఎర్తు తీగ తుప్పు పట్టి ఎప్పుడో ఊడిపోయింది. ఆ పాత గీజరు తెచ్చి పెట్టింది బాబాయే. ఆయన ప్లంబరు.

"కన్నతల్లికే కరెంటు పెట్టావు కదరా!" అంది నాయనమ్మ.

బాబాయి తల వంచుకున్నాడు.

అమ్మాయి కాఫీ తెచ్చి టెస్టరు చేతికిచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "మీరు ఆ తీగ వేసి ఉండబట్టి సరిపోయింది. లేకపోతే తాతయ్య వెనకే నాయనమ్మ కూడా..."

"అవును మరి," అంది నాయనమ్మ. "సొంతవాడు ప్రాణం మీదికి తెచ్చాడు, పరాయివాడు కాపాడాడు. ఆ పరాయివాణ్ణి ఇంకా ఎన్నాళ్లు పరాయివాడిగా ఉంచుతారో మీరే ఆలోచించుకోండి."

ఆ మాట కోసం టెస్టరు ఎన్ని ఫ్యాన్లు విప్పి బిగించాడో! ఇప్పుడు అది వినపడితే అతని చూపు సింకు కిందికే పోయింది. మళ్లీ సింకు కింద దూరి, ఎవరూ చూడకుండా కాస్త గీకి బిగిస్తే చాలు. ఎవరికీ తెలియదు. బాబాయి మాత్రం తల వంచుకుని అలాగే నిలబడి ఉన్నాడు.

టెస్టరు కప్పు కింద పెట్టాడు.

"తీగ కాపాడలేదండీ. నాయనమ్మ గారు చెయ్యి విదిలించుకోబట్టి బతికారు. తీగ అసలు పైపుకు తగలనే లేదు."

సంచిలోంచి మీటరు తీశాడు. ఒక మొన కుళాయికి, ఇంకో మొన తీగకు ఆనించాడు. "తగిలి ఉంటే ఇది కుయ్‌మనాలి."

మీటరు పలకలేదు.

"నేను గీకొద్దన్నానని..." అంది అమ్మాయి.

"మీరు వద్దంటారు, అది మీ తాతగారి రంగు. వినకూడనిది నేను. ఆ రోజు మీటరు తియ్యలేదు. తీస్తే గీకాల్సి వచ్చేది."

"గీకితే ఏమయ్యేది?"

"మీకు కోపం వచ్చేది."

"అందుకా?"

"అందుకే."

నాయనమ్మ వాచిన మోచెయ్యి చీరకొంగుతో కప్పుకుంది. అదే అతనికి అన్నిటికన్నా బరువనిపించింది.

"గీకండి," అంది అమ్మాయి.

గీకాడు. నీలం పొడి నేల మీద రాలింది. రెండు క్లాంపులూ బిగించి మీటరు పెడితే ఈసారి కుయ్‌మంది. గీజరు తీగలు కత్తిరించి పక్కన పెట్టాడు.

"నాకు కోపం వస్తుందనే కదా గీకలేదు. ఇప్పుడొచ్చింది," అంది ఆమె. "వెళ్లండి."

బాబాయి గొడుగు పట్టుకుని గేటు దాకా వచ్చాడు. "లోపల ఎర్తు ఊడిందో లేదో చూడకుండా పెట్టినవాణ్ణి నేను. నా తప్పులో సగం మోశావు," అన్నాడు.

"నా సగమే మోశానండీ," అన్నాడు టెస్టరు. గొడుగు తీసుకోలేదు.

ఆ తర్వాత తోటివాళ్లు "ఒరేయ్ టెస్టరూ" అని పిలిస్తే అతనికి తల ఎత్తబుద్ధి కాలేదు. ఆ పేరు వద్దని చెబుదామనుకున్నాడు. ఎందుకని అడుగుతారని ఊరుకున్నాడు.

వానలు వెనకబట్టాక ఫోన్ మోగింది. నాయనమ్మ.

"ఫ్యాను తిరగడం లేదు నాయనా."

వెళ్లి చూస్తే ఫ్యాను గిరగిరా తిరుగుతోంది. దాని కింద నాయనమ్మ, నయమైన మోచెయ్యి కుర్చీకి ఆనించి, వంటగది వైపు కళ్లతోనే చూపించింది.

అమ్మాయి సింకు దగ్గర నిలబడి ఉంది. పైపులకు మళ్లీ రంగు వేసింది. అదే నీలం. క్లాంపుల దగ్గర మాత్రం బెత్తెడు మేర రంగు లేదు. ఇనుము తళతళలాడుతోంది. రంగు ఆగినచోట అంచు బోర్డు మీద అక్షరంలా నున్నగా ఉంది.

"డబ్బా అయిపోయిందన్నారు?" అన్నాడు, నేల వైపే చూస్తూ.

"దుకాణంలో దొరకలేదు. నేనే కలుపుకున్నాను. ఎన్నిసార్లు కలిపితే కుదిరిందో!" అని ఆగి, "తాతయ్య ఉంటే మీ చేత గీకించి, తర్వాత నన్ను తిట్టేవాడు," అంది. "ఒకటి చెప్పండి. మళ్లీ ఎప్పుడైనా నేను గీకొద్దంటే?"

"గీకుతాను."

"కోప్పడితే?"

"తిట్లు తింటూ గీకుతాను."

"ఏడిస్తే?"

టెస్టరు సంచి కింద పెట్టాడు. "నేనూ ఏడుస్తూ గీకుతాను."

ఆమె నవ్వేసింది.

"ముందు మీటరు పెట్టి చూడు నాయనా!" నాయనమ్మ అవతల గదిలోంచి కేకేసింది. "ఆ పిల్ల నవ్వు చూసి మళ్లీ నమ్మేస్తావు!"

అతను మీటరు తీశాడు. ఒక మొన అడక్కుండానే ఆమె అందుకుని కుళాయికి ఆనించింది. రెండోది అతను తీగకు ఆనించాడు. మీటరు కుయ్‌మంది.

"మొన్నటి కాఫీ అలాగే వదిలేసి వెళ్లారు," అంది ఆమె, మొన తియ్యకుండానే. "మళ్లీ కలపనా?"

టెస్టరు తల ఎత్తాడు.

"కలపండి."