పచ్చలైటు మొక్కు

మెడికల్ కాలేజీలోని తన ప్రయోగశాలలో డాక్టర్ హైమవతి అదే రక్తంలోంచి ఇంకో చుక్కను మళ్లీ యంత్రంలో వేసింది. తెరమీద మళ్లీ అదే మాట వచ్చింది: "థైరాయిడ్ హార్మోన్ అధికం. మాత్ర ఇవ్వరాదు."

"చూశారుగా కోటిలింగం గారూ, మీ ఇంట్లో పెట్టె చెప్పిందే ఇక్కడి పెద్ద యంత్రమూ చెబుతోంది. మీ ఆవిడ ఒంట్లో మందు ఎక్కువైంది, తక్కువ కాలేదు" అంది.

ఎదురుగా బెంచీ మీద కూర్చున్న కోటిలింగం కాకినాడలో స్కూలు వ్యాను నడుపుతాడు. పక్కన అతని భార్య మంగతాయారు గోడకు ఆనుకుని జోగుతోంది. సముద్రం రెండు వీధులు మింగి కొత్త కరకట్ట దగ్గర ఆగిన కాలం నుంచీ ఆ ఊళ్లో మే నెల ఎండకు జడిసి మనుషులు మధ్యాహ్నాలు బయటికి రావడం మానేశారు. ఆ మే నెలలో మంగతాయారు శాలువా కప్పుకుని ఉంది.

"ఎక్కువైతే ఒళ్లు వేడెక్కుద్దని, గుండె దడదడలాడుద్దని పెట్టెతో పాటు మీరిచ్చిన కాగితంలోనే ఉందండి. ఈవిడేమో ఫ్యాను వేస్తే వణికిపోతందండి. అన్నం కలుపుతూ కలుపుతూనే నిద్రపోతంది. పొద్దున నా పేరు గుర్తురాక నా మొహంకేసి అలా చూస్తా ఉండిపోయిందండి మేడమ్" అన్నాడు కోటిలింగం.

ఈ పెట్టె సంగతి తెలియనివాళ్లకు కాస్త చెప్పాలి. మన మెడలో థైరాయిడ్ అని ఒక గ్రంథి ఉంది. ఒంటిలోని పొయ్యి ఎంత మంట మీద మండాలో నిర్ణయించేది అదిచ్చే హార్మోనే. దాన్ని టీ ఫోర్ అంటారు. అది తక్కువైతే మెదడు కింద ఉండే పిట్యూటరీ అనే మరో గ్రంథి "ఇంకా పంపు, ఇంకా పంపు" అని కేకలు పెడుతుంది. ఆ కేక పేరు టీఎస్‌హెచ్. కేక పెద్దదైతే హార్మోన్ చాలడం లేదని, కేక ఆగిపోతే ఎక్కువైందని అర్థం. గ్రంథి చతికిలబడినవాళ్లు ఆ హార్మోన్‌ను మాత్రగా మింగుతారు. ఆ మాత్ర ఎంత వేసుకోవాలన్నదే తలనొప్పి.

హైమవతి తల్లి ఆ తలనొప్పితోనే బతికింది. పరగడుపున ఆసుపత్రికి వెళ్లి రక్తం ఇచ్చే వరుసలో నిలబడేది, రిపోర్టు కోసం ఇంకో వరుసలో, డాక్టరు కోసం మరో వరుసలో. ఒకసారి ఆ వరుసలోనే కళ్లు తిరిగి పడిపోయింది. ఇక ఏ మనిషీ దీనికోసం ఇలా నిలబడకూడదని హైమవతి ఆనాడే అనుకుంది. అలా పుట్టింది పెట్టె. పొద్దున్నే వేలు పెడితే చుక్క రక్తం తీసుకుని రెండు లెక్కలూ చూస్తుంది. ఆ రోజుకు ఎంత మోతాదు కావాలో అంత మాత్రను జారవిడుస్తుంది. అంతా సరిగ్గా ఉంటే పచ్చలైటు, తక్కువైతే పసుపు, ఎక్కువైతే ఎర్రలైటు. ప్రభుత్వం సంబరపడిపోయి ఇంటింటికీ పెట్టెలు పంచింది. జనం సొంత వైద్యం చేసుకోకుండా మందుల షాపుల్లో ఆ మాత్ర అమ్మకం ఆపేయించింది. డాక్టర్లూ హమ్మయ్య అనుకున్నారు. పెట్టెను ఊరంతా నమ్మింది, అందరికంటే ఎక్కువగా హైమవతి నమ్మింది.

"పెద్దాసుపత్రికి కూడా తీసుకెళ్లానండి. పెట్టె లెక్క చూశారు, మందు ఎక్కువైంది, కొన్నాళ్లు ఆపమన్నారు, పంపేశారు. ఆవిడ మొహం ఎవరూ చూళ్లేదండి" అన్నాడు కోటిలింగం. "పెట్టెను కనిపెట్టింది మీరంట. మీరన్నా ఒక్కసారి చెయ్యి పట్టుకుని చూడండి మేడమ్."

హైమవతి రోగి చెయ్యి పట్టుకుని ఎన్నేళ్లయిందో. మొహమాటంగానే లేచి వెళ్లి మంగతాయారు మణికట్టు అందుకుంది. చర్మం చల్లగా, గరుకుగా ఉంది. నాడి ఒకసారి కొట్టుకుని ఊరుకుంది. ఇంకోసారి కొట్టుకుంటుందా లేదా అని హైమవతికి భయం వేసేంత సేపు ఊరుకుంది. కళ్ల కింద వాపు, కనుబొమల చివర వెంట్రుకలే లేవు.

"మంగతాయారు గారూ!"

జవాబు చాలా దూరం నుంచి వచ్చినట్టు ఆలస్యంగా, బొంగురుగా వచ్చింది. "ఆఁ... ఇంటికొచ్చేశామా?"

ఎక్కువైన మనిషి ఇలా ఉండదు. ఈ మనిషి ఆరిపోతోంది. యంత్రం ఎర్రలైటు వెలిగించి మరీ ఆర్పేస్తోంది. ఆ యంత్రం తనది.

కాలేజీ సామాన్ల గదిలో పాతకాలపు పరీక్షా పరికరం ఒకటి మూలపడి ఉంది. దాన్ని తుడిచి, రసాయనాలు వెతికి, అదే రక్తాన్ని దాంట్లో పెట్టింది. మధ్యాహ్నమంతా దానికే పట్టింది. సాయంత్రానికి వచ్చిన లెక్క చూసి కుర్చీలో కూలబడింది. టీ ఫోర్ దాదాపు లేదు. టీఎస్‌హెచ్ కొలత దాటిపోయింది. పిట్యూటరీ ఇన్నాళ్లుగా గొంతు చించుకుని అరుస్తోంది, పెట్టెకు మాత్రం వినబడలేదు.

ఎందుకు వినబడలేదు? రక్తంలోని హార్మోన్‌ను పట్టుకోవడానికి కొత్త యంత్రాలు ఒక జిగురు వాడతాయి. ఆ జిగురులో ఒక భాగం బయోటిన్ అనే విటమిన్. రక్తంలో అప్పటికే బయోటిన్ విపరీతంగా ఉంటే అదే వెళ్లి జిగురు చోటంతా ఆక్రమిస్తుంది. అప్పుడు టీఎస్‌హెచ్ ఉన్నా లేనట్టు, టీ ఫోర్ లేకున్నా ఎక్కువున్నట్టు లెక్క తలకిందులవుతుంది. పాత పరికరంలో ఆ జిగురు లేదు. ఈ సంగతి హైమవతికి తెలియనిది కాదు. అంత బయోటిన్ ఎవరు మింగుతారులే అని వదిలేసింది.

"అమ్మా, ఇంకేమైనా మందులు వాడుతున్నారా?" అని అడిగింది. పాత డాక్టర్లందరూ అడిగే ప్రశ్న అది. పెట్టెకు ఆ ప్రశ్న నేర్పలేదు.

మంగతాయారు భర్త వైపు చూసి, "లేదండీ" అంది.

హైమవతికి ఆ చూపు అర్థమైంది. టీ తెమ్మని కోటిలింగాన్ని బయటికి పంపి, పక్కనే కూర్చుని మళ్లీ అడిగింది.

"మందు కాదు డాక్టరమ్మా" అంది మంగతాయారు, మాటకూ మాటకూ మధ్య ఆగుతూ. "వెంట్రుకల బిళ్ల."

బొడ్లో దోపుకున్న చిన్న సంచిలోంచి డబ్బా తీసింది. దానిమీద నిగనిగలాడే జడ బొమ్మ. అందులో ఒక్క బిళ్లలో ఉన్న బయోటిన్ మనిషికి కావలసిన దానికి ఎన్నో వందల రెట్లు.

"ఈ వయసులో సోకులేంటని మా ఆయన నవ్వుతాడని చెప్పలేదమ్మా. సోకు కాదు. పెట్టెలో ఒక్కసారి పచ్చలైటు వెలిగితే తలనీలాలిస్తానని ఏడుకొండలవాడికి మొక్కుకున్నాను. అప్పుడు పసుపు లైటే వెలిగేది. చూస్తే జుట్టంతా దువ్వెనకే వచ్చేస్తంది. నాలుగు వెంట్రుకలు పట్టుకెళ్లి స్వామికేం ఇవ్వను? ఇచ్చేది నిండుగా ఉండొద్దా? అందుకని పొద్దునొకటి, సాయంత్రమొకటి..."

జుట్టు రాలుతోందని బిళ్ల. ఆ బిళ్ల చూసి మోసపోయి పెట్టె మాత్ర తగ్గించింది. మాత్ర తగ్గేసరికి జుట్టు ఇంకా రాలింది. అందుకని ఇంకో బిళ్ల. లైటు పచ్చగా వెలగాలని మొక్కుకున్న మనిషి తన చేత్తోనే దాన్ని ఎర్రగా మార్చుకుంది. ఒక్కసారి, ఒక్కరు అడిగి ఉంటే సరిపోయేది.

ఆ బిళ్లలు ఆపేస్తే కొద్ది రోజుల్లో రక్తం తేటపడుతుంది, పెట్టె తనంతట తానే నిజం చెబుతుంది. కానీ టీ వచ్చేలోపే మంగతాయారు మళ్లీ కళ్లు మూసింది. ఈసారి భుజం పట్టి కుదిపితేగాని తెరవలేదు. పెట్టె తేరుకునేదాకా ఈమె ఆగేలా లేదు. అంత పెద్ద ప్రయోగశాలలో యంత్రాలున్నాయి గానీ ఒక్క మాత్ర లేదు. షాపుల్లో అమ్మరు, పెద్దాసుపత్రిలో పెట్టె మాట కాదని వెంటనే ఇవ్వరు.

స్కూలు వ్యానులోనే ముగ్గురూ ఇంటికి చేరారు. వంటగదిలో అరమీద పెట్టె ఎర్రగా మెరుస్తోంది. ఎవరూ తెరవలేని తాళం దానికి వేయించింది హైమవతే.

"రోకలి ఉందా?" అని అడిగింది.

కోటిలింగం తెచ్చి తను కొట్టబోయాడు. "ఇలా ఇవ్వండి" అని ఆమే తీసుకుంది. రెండు దెబ్బలకు మూత విరిగింది. మూడో దెబ్బకు లైటు ఆరింది. నేలమీద దొర్లిన మాత్రల్లోంచి చిన్న మోతాదు ఒకటి ఏరింది. ఇన్నాళ్లు ఆకలితో ఉన్న గుండెకు ఒక్కసారే ఎక్కువ పెట్టకూడదు. మాత్ర మింగించి, మణికట్టు పట్టుకుని అక్కడే కూర్చుంది. ఆ తర్వాత పాత పరికరం ఇచ్చిన లెక్క చేత్తో పట్టుకుని పెద్దాసుపత్రికి వెళ్లి, అందరితో గట్టిగా గొడవపడి మంగతాయారును చేర్పించింది.

మంగతాయారు బతికింది. గొంతులో బొంగురు మాత్రం పూర్తిగా పోలేదు. భర్త పేరు గుర్తొచ్చిన రోజున కోటిలింగం ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

హైమవతి పెట్టెలోని జిగురు మార్పించింది. ఇక బయోటిన్ దాన్ని మోసం చేయలేదు. కొత్త పెట్టె మంగతాయారు ఇంటికి వచ్చిన కొన్ని వారాలకు ఒక పొద్దున పచ్చలైటు వెలిగింది. ఆమె తిరుపతి బస్సెక్కలేదు. తిన్నగా హైమవతి ఇంటికొచ్చి చెయ్యి చాపింది.

"పచ్చలైటు వెలిగిందమ్మా. నిజమేనా?"

"నిజమేనమ్మా. ఇప్పుడది తప్పు చెప్పదు."

"అప్పుడూ అదే అనుకున్నాం కదమ్మా. దేవుడి మొక్కు, పొరపాటు జరక్కూడదు. పెట్టె చెప్పింది సరే, మీరు చెప్పండి."

హైమవతి నాడి చూసింది, కళ్లు చూసింది, చర్మం నిమిరి చూసింది. "వెళ్లిరండి" అంది. మంగతాయారు మిగిలిన ఆ పలచటి జుట్టును పూలు పెట్టి ముడి వేసుకుని కొండకు వెళ్లింది.

గుండుతో తిరిగొచ్చి, ప్రసాదం ఇవ్వడానికి పొద్దున్నే మళ్లీ హైమవతి ఇంటికి వచ్చింది. ఈసారి ఒక్కతే రాలేదు. ఆమె వెనక, గేటు దాకా ఆడవాళ్లు, మగవాళ్లు. అందరి ఇళ్లలోనూ కొత్త పెట్టెలే, అందరికీ పచ్చలైట్లే. పరగడుపున వచ్చి వరుసలో నిలబడ్డారు. తన తల్లి నిలబడినట్టే.

"పెట్టె బాగానే ఉందండీ, మీరెవరూ ఇక నిలబడక్కర్లేదు" అని హైమవతి చెప్పి చూసింది. ఒక్కరూ కదల్లేదు. ముందున్న పెద్దాయన చెయ్యి చాపి, అలాగే పట్టుకుని ఉన్నాడు.

ఆమె అందరినీ నీడలో కూర్చోమని కుర్చీలు వేయించింది. పెద్దాయన మణికట్టు అందుకుంది. "ఇంకేమైనా మందులు వాడుతున్నారా?" అని అడిగింది.

"అబ్బే, ఏం లేవండి" అన్నాడాయన.

హైమవతి చెయ్యి వదల్లేదు. అలాగే కూర్చుని చూస్తూ ఉంది.

ఆయన వెనక్కి తిరిగి, భార్య వినడం లేదని చూసుకుని, గొంతు తగ్గించాడు.

"ఒకటుందండి. మందు కాదులెండి."