లెక్కకు ముందే

"నీ వాచీ తప్పు," అన్నాడు అస్గర్.

"నీ పదకొండేళ్ళే తప్పు," అంది విబెకె, తడిసిన కోటు కుర్చీకి తగిలిస్తూ.

సిల్కెబోర్గ్ ఊరి గ్రంథాలయం పైగదిలో శనివారం మధ్యాహ్నం. మూడు గంటలకు మొదలయ్యే నక్షత్ర పరిశీలకుల సంఘం సమావేశానికి ఇంకెవరూ రాలేదు. బల్లమీద అస్గర్ పటం ఉంది. దాదాపు ఒకదాన్నొకటి ఆనుకుని తిరిగే జంట నక్షత్రాలది. ఒకటి రెండోదాన్ని కప్పినప్పుడు వెలుగు తగ్గుతుంది. లెక్క చెప్పిన వేళకూ, కంటికి కనిపించిన వేళకూ ఉన్న తేడా ఒక్కో చుక్క. అతని పదకొండేళ్ళ చుక్కలన్నీ గీతమీదే బుద్ధిగా కూర్చున్నాయి. మార్చిలో సంఘంలో చేరిన విబెకె చుక్క మాత్రం లెక్కకు పద్నాలుగు నిమిషాలు ముందని కిందికి జారింది.

"చూసేముందు లెక్క వేళ చదువుకుంటావా?" అడిగింది.

"చదవకపోతే ఎప్పుడు చూడాలో ఎలా తెలుస్తుంది?"

విబెకె నవ్వింది. వినికిడి పరీక్షలు చేయడం ఆమె ఉద్యోగం. "మా దగ్గరికొచ్చే తాతలూ అంతే. శబ్దం ఒకే వ్యవధిలో వేస్తూపోతే, వినపడకపోయినా బటన్ నొక్కేస్తారు. అబద్ధమాడరు పాపం. నిజంగానే విన్నామనుకుంటారు."

అస్గర్ చెవులు ఎర్రబడ్డాయి. ఆ పటం వచ్చే నెల పత్రికకు వెళ్ళాలి. అంతకన్నా పెద్ద భయం మరొకటి. ఈ అమ్మాయి ముందు మూర్ఖుడని తేలిపోతే, వేసవి నుంచీ గొంతులో ఆగిన మాట ఇక బయటికి రాదు.

అయినా ఈసారి వేళ చదవకుండానే లెక్కల కాగితం ఆమె చేతికే ఇచ్చేశాడు. ఆ వారం చీకటి పడ్డ దగ్గర్నుంచి పది నిమిషాలకోసారి చూసి, కనిపించినంతే రాశాడు.

మళ్ళీ శనివారం ఆమె రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టింది. వెలుగు లెక్కకు పద్నాలుగు నిమిషాలు ముందే తగ్గింది.

అస్గర్ కొత్త చుక్క పెట్టాడు. "బరువైన నక్షత్రం తనలోని పదార్థం రెండోదానికి ఇస్తూపోతే రెండూ దగ్గరవుతాయి. దగ్గరైనకొద్దీ తొందరగా తిరుగుతాయి. ఏళ్ళుగా జరుగుతోందన్నమాట. నేనే చూడలేదు."

"పాత చుక్కలు చెరిపేస్తావా?"

"ఉండనీ. ఎలా చూశానో పక్కన రాసి పంపుతాను."

విబెకె దెప్పలేదు. ఫ్లాస్కులోంచి కాఫీ పోసి అతని వైపు జరిపింది. ఆ పాటి దయకే అతనికి ధైర్యం వచ్చింది. గోడగడియారం చూశాడు. పావు తక్కువ మూడు.

"ప్రతిసారీ ఈ వేళకల్లా వచ్చేస్తావు. నీ బస్సు టైము అలా ఉందేమో అనుకున్నాను."

"నేను సైకిల్ మీద వస్తాను, మహానుభావా."

కిటికీ మీద వాన చప్పుడు.

"మరి ఎందుకు ముందొస్తావు?"

"అనుకున్నది చెప్పకు. కనిపించింది చెప్పు."

అస్గర్ తలెత్తి చూశాడు. తడి జుట్టు, నవ్వు ఆపుకుంటున్న పెదవులు, తన మీంచి కదలని కళ్ళు.

"నేనంటే... నీకు ఇష్టం."

"ఏప్రిల్ నుంచి."

"నాకూ. వేసవి నుంచి."

"చూశావా," అంది విబెకె, అతని చెయ్యి అందుకుంటూ. "నేనే ముందు."