మంత్రిగారి హాలుకు వెళ్లాల్సిన చెట్టు

పారిస్ హెడ్‌క్వార్టర్స్ నుంచి వచ్చిన ఆర్డర్ చిన్నదే. మొర్వాన్ కొండల నుంచి రక్షణమంత్రి కాన్ఫరెన్స్ హాలుకు వెళ్లే క్రిస్మస్ చెట్లలో ఒకదాని కాండం మొదట్లో శత్రు ముఠా పెట్టిన ట్రాన్స్‌మిటర్ ఉంది. దాన్ని తప్పించాలి. చెట్లు తీసుకెళ్లే లారీ మాత్రం ఆగకూడదు. ఆగితే ముఠా పసిగట్టి జారుకుంటుంది.

తెల్లవారుతూండగా ఏజెంట్ కోర్తే కూలీ వేషంలో పెర్రొదాన్ తోటకు చేరాడు. పుట్టింది ఈ కొండల్లోనే. చిన్నప్పుడు ఆవులు మేసిన వాలు నిండా ఇప్పుడు క్రిస్మస్‌కి నరికే ఫర్ చెట్లు పటాలంలా నిలబడ్డాయి.

ముసలి పెర్రొదాన్ చెట్లను తాళ్లతో బిగిస్తూ గొణిగాడు. "కుర్రాళ్లంతా పారిస్ పోయారు. చెట్లూ అక్కడికే పోతున్నాయి. ఇక మిగిలేది నేనూ, ఈ రాళ్లూనయ్యా."

ఒక కారు వచ్చి ఆగింది. నక్కతోలు కోటు, ఎర్రటి పెదవులు. పూలకొట్టు యజమానురాలి వేషంలో వచ్చిన సహ ఏజెంటు వివియాన్.

"ఈ ఏడు మంచు తొందరపడింది," అంది.

"కట్టెలున్నవాడికి భయమేంటి?" కోర్తే కోడ్ పూర్తిచేశాడు.

"చెట్టు దొరికింది. నిన్న రాత్రే పట్టుకున్నా. డిక్కీలో ఉంది, చూసుకో. లారీని పోనియ్."

చూశాడు. చెట్టు మొదట్లో తొర్ర, అందులో తీగలు. అయినా మనసు కుదుటపడలేదు. ఆకు నవనవలాడుతోంది. ట్రాన్స్‌మిటర్ పెట్టి తొర్ర పూడ్చిన జిగురు ఆరాలంటే చెట్టును వెచ్చటి గదిలో ఉంచి తీరాలి. వెచ్చగా ఉంచితే ఈ జాతి ఫర్ ఆకు రాల్చక మానదు. అంటే అసలు చెట్టు ఇది కాదు.

లారీ ఇంజను గర్జించింది. కోర్తే ఒక్క ఉదుటున పైకెక్కి చెట్ల కట్టల్ని ఒక్కొక్కటే తన్నసాగాడు.

"ఏంటా పని? దిగు!" వివియాన్ అరిచింది.

ఒక కట్ట నుంచి ఆకు జలజలా రాలింది. వెనక్కి తిరిగితే ఆమె చేతిలో బుల్లి పిస్టల్!

"ఎప్పట్నుంచి, వివియాన్?"

"నువ్వు నన్ను నమ్మినప్పట్నుంచి."

లారీ కదిలింది. కోర్తే ఆ కట్టను ఆమె మీదికి దొర్లించి దూకేశాడు. గుండు ఆకాశంలోకి పోయింది, పిస్టల్ మంచులోకి. పెర్రొదాన్ చేతిలో తాడు ఉండనే ఉంది. చెట్లను కట్టినంత తీరుబడిగా ఆమెనూ కట్టేశాడు.

లారీ మలుపు తిరిగిపోయింది. కోర్తే కిందపడ్డ చెట్టు తొర్ర పగలగొట్టి అగ్గిపెట్టంత యంత్రం తీశాడు.

"ఏంటయ్యా అది?"

"మాటలు వినేది, తాతా. ఎక్కడో కూర్చుని అంతా వింటారు."

ముసలాయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "మంత్రిగారికెందుకయ్యా? ఇక్కడే పెట్టమను. మా గోడు వినేవాడు ఒకడన్నా ఉంటాడు."