ల్యాబుకు పంపని సలహా

"నొప్పి ఎక్కడని పేషెంటుని అడగాలంటే, అక్కడ వాళ్ళ భాషలో ఏమంటారండీ?"

అమలాపురంలోని ఒక హోటలు హాల్లో కీర్తి లేచి అడిగిన ప్రశ్న అది. వేదిక మీద తేజ నిలబడి ఉన్నాడు. కిర్గిజ్‌స్థాన్‌లో ఎం.బి.బి.ఎస్. మూడో ఏడు చదువుతూ సెలవులకు వచ్చిన రాజోలు కుర్రవాడు. విదేశీ సీట్లు ఇప్పించే కన్సల్టెన్సీవారు పెట్టిన సభ అది. శ్రావణమాసపు ఉక్కలో వారు అతనికి తెల్లకోటు తొడిగారు. కీర్తికి మొదటి అనుమానం ఆ కోటు మీదే కలిగింది.

తేజ కోటు పై గుండీ విప్పుకున్నాడు.

"తెలీదండీ," అన్నాడు.

హాలంతా నవ్వింది. కన్సల్టెన్సీ మేనేజరు కల్పించుకున్నాడు. "అక్కడంతా ఇంగ్లీషు మీడియమేనండి!"

"జబ్బులు కూడానా అండీ?" అని కీర్తి కూర్చుంది.

నీట్‌లో ఆమెకు కొద్ది మార్కుల్లో సీటు తప్పింది. కిర్గిజ్‌స్థాన్ వెళ్ళడమో, ఇంట్లో ఉండి మరో ఏడాది చదివి మళ్ళీ రాయడమో శనివారంలోగా తేల్చాలి. అంతర్వేది దగ్గర రొయ్యల చెరువులున్న తండ్రి సత్తియ్య మొదటి దారివైపే మొగ్గాడు. అమ్మాయి జాతకంలో విదేశీయోగం ఉందని ఒక సిద్ధాంతిగారు సెలవిచ్చారు మరి. ఆ సిద్ధాంతిగారి చిరునామా ఇచ్చింది కన్సల్టెన్సీవారేనన్న సంగతిని కీర్తి తప్ప ఎవరూ పట్టించుకోలేదు.

మర్నాడు తేజ బైకు మీద చెరువుగట్టుకు వచ్చాడు. ఒంటి మీద కోటు లేదు.

"మేనేజరు పంపేరా?" అంది కీర్తి.

"లేదండీ, నేనే వచ్చేను."

"మా చెరువెక్కడో ఎలా తెలిసింది?"

"నిన్న మీ నాన్నగారే చెప్పేరండి. రొయ్యల కూర తిందువుగాని రమ్మన్నారు."

ఆమె అనుమానం ఒక మెట్టు దిగి, రెండు మెట్లు ఎక్కింది. ఇంతలో వాన అందుకుంది. ఇద్దరూ మోటారు షెడ్డులోకి పరుగెత్తారు.

"అనాటమీ బాగానే చెబుతారండి," అన్నాడు తేజ తల తుడుచుకుంటూ. "వార్డులో మాత్రం పేషెంటు మాట సగం అర్థం కాదు. తిరిగొచ్చేక ఇక్కడ మళ్ళీ పరీక్ష రాయాలి. గట్టెక్కేవాళ్ళున్నారు, ఎక్కనివాళ్ళూ ఉన్నారు."

"నిన్న ఇదంతా ఎందుకు చెప్పలేదండీ?"

"మీరడిగేదాకా నన్నెవరూ ఏమీ అడగలేదండి. కోటిచ్చేరు, తొడుక్కున్నాను."

"సరే, నన్ను వెళ్ళమంటారా, వద్దంటారా?"

"అది మాత్రం అడక్కండి. నా సలహా నమ్మడానికి వీల్లేదు."

"కమీషనుందా?"

"కమీషను కాదండీ." తేజ వానవైపు చూశాడు. "మీరు వెళితే నేనున్న ఊరికే వస్తారు. నిన్నటినుంచి నాకు అదే కావాలనిపిస్తోంది. ఇంత స్వార్థం ఉన్నవాడి సలహా ఏపాటిదండీ?"

కీర్తికి అడగడానికి ప్రశ్న దొరకలేదు. ఆమెకది కొత్త అనుభవం.

గొడుగు వేసుకుని సత్తియ్య వచ్చాడు. "హేచరీవాడు సీడు బ్రహ్మాండమంటున్నాడమ్మా. అయినా ల్యాబువాళ్ళు చెప్పందే చెరువులో వదలను."

"రొయ్యపిల్లకి టెస్టు చేయించందే నీళ్ళలో దించవు కదా నాన్నా! నన్ను మాత్రం కన్సల్టెన్సీవాళ్ళ రంగుల కాగితం చూసి విమానం ఎక్కించేస్తావా?"

సత్తియ్య గొడుగు ముడిచి షెడ్డు గోడకు ఆనించాడు. ఆపైన తేజవైపు తిరిగాడు. "నువ్వేమంటావు బాబూ?"

"ఆయన్నడక్కు నాన్నా. ఆయనకి ఇందులో స్వార్థం ఉంది."

ఏం స్వార్థమని సత్తియ్య అడగబోయి, కూతురి ముఖం చూసి మానేశాడు.

"నేనిక్కడే ఉండి మళ్ళీ రాస్తాను," అంది కీర్తి. ఆ మాట తండ్రితో అన్నా, ఆమె చూపు తేజ మీదే ఉంది.

తేజ ముఖం వాడిపోయింది. వెంటనే నవ్వబోయాడు గాని, నవ్వు రాలేదు. ఆ వారంలో కీర్తి ఏ సందేహమూ లేకుండా నమ్మిన రుజువు అదొక్కటే.

"ఆయ్, నీ ఇష్టమేనమ్మా," అన్నాడు సత్తియ్య. "బాబూ, భోంచేసి వెళ్దువుగాని."

ఆయన ముందు నడిచాడు. కీర్తి వెనక్కి తిరిగింది.

"ఫోను నంబరు చెప్పండి."

"ఎందుకండీ? మీరు రావడం లేదుగా!"

"ఒక్కసారి చూసి దేన్నీ తేల్చెయ్యకూడదండి. ఇంకొన్నాళ్ళు పరిశీలించాలి."