పర్మిట్ మీద పరాయి వేలు

ఆర్డర్ ఇచ్చేటప్పుడు పెద్దాయన టీ తాగుతాడు. ఎదుటివాడికి మాత్రం పోయడు.

ఆ ఉదయం కూడా అంతే. కార్గో షాపు వెనక గది, గోడ పొడుగునా అట్టపెట్టెలు, టేపు వాసన. పైకి పెద్దాయన కార్గో వ్యాపారి. లోపల, ఈ పరాయి నగరంలో మన గూఢచారి శాఖకు స్టేషన్ చీఫ్. ఎదురుగా నిలబడ్డవాడు పైకి టైల్స్ మేస్త్రి, లోపల ఏజెంట్. కాకపోతే ఆ 'పైకి' ఏళ్ళ తరబడి సాగింది. మోకాళ్ళు కాయలు కాశాయి, నడుము పట్టేసింది. వేషం మనిషిని సగం తినేసింది.

"మీ వీధిలో నీళ్ళొస్తున్నాయా?" అన్నాడు పెద్దాయన.

"మోటారు కాలింది," అన్నాడు మేస్త్రి.

రోజూ చూసే మొహమే అయినా కోడ్ వినందే పెద్దాయన అసలు సంగతి విప్పడు.

"పర్మిట్ ఆఫీసులో ఒక ఫారిన్ ముఠా పనిచేస్తోంది. కూలివాళ్ళ వేలిముద్రలు అరిగిపోతాయి, మెషిన్ చదవదు. ఆ సందులో గుమాస్తా వాళ్ళ పర్మిట్ మీద ఇంకొకడి ముద్ర ఎక్కిస్తాడు. పేరు కూలివాడిది, వేలు కిల్లర్‌ది."

"టార్గెట్?"

"మన రాయబారి. మధ్యాహ్నం కన్వెన్షన్ హాల్లో చర్చలు. హాలు వెనక తలుపు మొహం చూడదు, వేలు చూస్తుంది. అక్కడ పనిచేసే ఎవడిదో పర్మిట్ ఈ పూట చేతులు మారుతుంది. ఎవడిదో కనిపెట్టు. ఆపు."

"హాల్లో నేల వేస్తున్నది నేనే సార్. నా పర్మిట్ గడువు కూడా ఇవాళ్టితో సరి. నాదే కావచ్చుగా?"

పెద్దాయన కప్పు కింద పెట్టాడు. "నీ ఫైలు లాక్ చేయించాను. ఎవడూ ముట్టుకోలేడు. నీ రెన్యువల్ నా పూచీ. నా మాట మీద నమ్మకం లేదా?"

ఉంది. వచ్చిన చిక్కల్లా అదే. భార్య పర్మిట్, బడికెళ్ళే కూతురి పర్మిట్, రెండూ మేస్త్రి పర్మిట్‌కే వేలాడుతున్నాయి. అది తెగితే ముగ్గురూ పెట్టె సర్దుకోవాలి, పిల్ల చదువు మధ్యలో ఆగిపోతుంది. ఇదంతా పెద్దాయనకు తెలుసు.

పెద్దాయన ఒక ఉంగరం ఇచ్చాడు. "రాయి నొక్కితే మెషిన్ జామ్ అవుతుంది. అక్కడ బ్యాకప్ చిలక."

పర్మిట్ ఆఫీసు హాలు మనుషులతో కిక్కిరిసి ఉంది. అద్దాల వెనక దేశం ఉన్నవాళ్ళు, ముందు టోకెన్ ఉన్నవాళ్ళు. తాపీవాళ్ళు, పాకీవాళ్ళు, లాండ్రీవాళ్ళు. అందరూ వేళ్ళు నోటి దగ్గర పెట్టుకుని ఆవిరి ఊదుకుంటున్నారు. కొందరు వేళ్ళను జుట్టుకు రుద్దుకుంటున్నారు, ఆ జిడ్డుకైనా గీతలు తేలతాయేమోనని. ఊళ్ళు కట్టి, ఊళ్ళు కడిగి గీతలు పోగొట్టుకున్నవాళ్ళను ఆ ఊరే 'నువ్వెవరు' అని అడుగుతుంది. దానికి ఆఫీసు పెట్టిన పేరు వెరిఫికేషన్.

"ఏవండీ, పోయినసారి మీ వేళ్ళు పడక సాయంత్రం దాకా కూర్చోబెట్టారు. ఈసారైనా వేళ్ళు తెచ్చారా, ఆ హాలు నేలకే అంటించి వచ్చారా?" అంది తన పర్మిట్ కోసం వెంట వచ్చిన భార్య. మొగుడు ఏజెంటన్న సంగతి ఆమెకు తెలియదు.

"ఊరుకో అక్కా, బావగారు అసలే కంగారులో ఉన్నారు," అంటూ పక్కకు వచ్చింది చిలక.

చిలక హెడ్‌క్వార్టర్స్ పంపిన ఏజెంట్. ఒకప్పుడు పార్టీల్లో ఆమె నవ్వితే అవతలి దేశపు ఎంబసీలోని మిలిటరీ అధికారులు సగం రహస్యాలు కక్కేవారట. ఇప్పుడు క్యాంటీన్‌లో గిన్నెలు తోమే మనిషి వేషం. వెలిసిన యూనిఫాం, తలకు గుడ్డ, ఒంటి నిండా సబ్బు వాసన. మేస్త్రి భార్యను అక్కా అంటూ వాళ్ళింట్లో ఎన్నిసార్లు అన్నం తిన్నదో లెక్కలేదు.

"ముందు నాది కానీ అక్కా. నీ టోకెన్ కూడా ఇలా ఇవ్వు, నేను చూసుకుంటా," అని చిలక కౌంటర్ దగ్గరికెళ్ళి వేలు పెట్టింది.

పెట్టీ పెట్టగానే పచ్చలైటు.

మేస్త్రి చిలక వేళ్ళ వైపు చూశాడు. ఆ క్యూలో మొదటి దెబ్బకు ఎవరికీ పచ్చలైటు రాలేదు. సబ్బూ, వేడినీళ్ళూ వేలి గీతల్ని తినేస్తాయి. తన భార్య వేళ్ళకే లేవు. చిలక వాసన అద్దుకుంది, గోళ్ళు పాడుచేసుకుంది, పని మాత్రం చెయ్యలేదు. క్యాంటీన్ నుంచి ఇన్నాళ్ళూ పంపిన రిపోర్టులన్నీ ఎవరు వండినవి? తన పర్మిట్ గడువు, హాల్లో తన పని, శాఖలో పెద్దాయన కాక తెలిసింది ఆమెకే.

"తర్వాత," అన్నాడు గుమాస్తా.

మేస్త్రి వేలు పెట్టాడు. ఎర్రలైటు. తుడిచి మళ్ళీ పెట్టాడు. ఎర్రలైటే.

"పడట్లేదు. పక్కన నిలబడు." గుమాస్తా కళ్ళు మేస్త్రి భుజం మీదుగా చిలకను చూశాయి.

పక్క కౌంటర్‌లో ఒకడు కూర్చున్నాడు. తాపీవాడి బట్టలు, ఒక్క సిమెంటు మరక లేని బూట్లు. వాడి ముందున్న స్క్రీన్ మీద మేస్త్రి ఫోటో.

మేస్త్రి ఉంగరం రాయి నొక్కాడు. ఏమీ కాలేదు. గట్టిగా నొక్కాడు. రాయి ఊడి చేతిలోకొచ్చింది.

చొక్కా జేబులో జిగురు ట్యూబు తగిలింది. పెచ్చులూడిన నేలరాయిని అతికించేది, అంటితే మనిషి చర్మాన్నీ వదలదు. వంగాడు, టోకెన్ జారినట్టు. లేస్తూ పక్క కౌంటర్‌లోని వేలిముద్ర మెషిన్ అద్దం మీద ఒక చుక్క పిండాడు. అదే క్షణంలో బూట్లవాడి వేలు దిగింది.

"నొక్కి పట్టండి," అంది మెషిన్.

వాడు నొక్కి పట్టాడు. ఎర్రలైటు. వేలు లాక్కున్నాడు. రాలేదు. రెండో చేత్తో గుంజాడు. మెషిన్ బల్ల మీంచి లేచింది గానీ వేలు లేవలేదు. అలారం మోగింది, గార్డులు పరుగెత్తుకొచ్చారు. వాడి నడుము దగ్గర ఇంకో దేశపు పాస్‌పోర్టూ, సైలెన్సర్ తుపాకీ దొరికాయి. గుమాస్తా వెనక తలుపు దాకా వెళ్ళి ఆగిపోయాడు. అక్కడా గార్డులే.

చిలక మేస్త్రి చెవిలో గొణిగింది. "నన్నలా చూడకండి బావగారూ. నేనెవరో మీ పెద్దాయనకు ముందే తెలిసుండాలి, లేకపోతే మీకు పనిచెయ్యని ఉంగరం ఎందుకిస్తాడు? అడిగి చూడండి." గేటు వైపు జారుకుంది.

తలగుడ్డ పట్టి వెనక్కి లాగింది మేస్త్రి భార్య. "ఎక్కడికే? నా టోకెన్ నీ దగ్గరుంది. ఇచ్చి కదులు."

ఆ గుంజులాటకు గార్డులు తిరిగి చూశారు. బూట్లవాడు చిలకను చూసి తల తిప్పుకున్న తీరే వాళ్ళకు చాలింది. చిలకనూ, మెషిన్‌తో సహా బూట్లవాణ్ణీ కలిపి తీసుకెళ్ళారు. మేస్త్రి మెట్ల మీద కూర్చుని ఫోన్ చేశాడు.

"ఆపాను సార్. చిలక సంగతి మీకు ముందే తెలుసా?"

అవతల టీ గుటక వినిపించింది. "తొందరపడ్డావు. వాణ్ణి హాలు తలుపు దగ్గర, కెమెరాల ముందు పట్టుకునేవాళ్ళం. శాఖ పేరు మోగిపోయేది."

"వాడు నా పేరుతో లోపలికెళ్ళాకా?"

"ఎవడో ఒకడి పేరు కావాలి కదా."

"నా ఫైలు లాక్ చేశానన్నారు."

"లాక్ చేస్తే వాళ్ళెలా వాడతారు? ఆలోచించు."

"పేపర్లో హంతకుడని నా పేరు పడితే నా కూతురు ఏమని చదివేది?"

"దేశం కోసం అన్నాక తప్పవు కొన్ని."

"దేశం నీ టీ కప్పులో లేదు," అన్నాడు మేస్త్రి. పెద్దాయనను నువ్వనడం అదే మొదటిసారి. "నేనింక నీ మనిషిని కాదు."

"నువ్వెప్పుడు మా మనిషివి? మా రికార్డుల్లో నీ పేరే లేదు. నీ రెన్యువల్ నువ్వే చూసుకో."

ఫోన్ కట్ అయింది.  లోపల్నుంచి భార్య కేకేస్తే మేస్త్రి లేచి వెళ్ళాడు.

ఆఫీసు పెద్దావిడ కుర్చీ ఎక్కి చెబుతోంది. మెషిన్‌కు ఒక మనిషి అతుక్కున్నాడు, పోలీసులు రెండింటినీ విడదీసేదాకా సిస్టమ్ నడవదు. గడువు దాటితే తప్పు ఆఫీసుదవుతుంది. అందుకని ఇవాళ ఈ క్యూలో ఉన్నవాళ్ళందరి పర్మిట్లకూ పొడిగింపు, కుటుంబాలతో సహా, వేళ్ళతో పనిలేదు.

"అదృష్టమండీ, ఆ వేలు అతుక్కున్నవాడెవడో పుణ్యాత్ముడు," అంది భార్య.

మేస్త్రి జిగురు ట్యూబును జేబులో ఇంకా లోపలికి తోశాడు. ఆ తుంటరి చుక్క గురించి ఇంటికెళ్ళాక చెప్పాలి. దాంతోపాటు మిగతాదంతా చెప్పాలి. ఇంటావిడ చేసే ఇంటరాగేషన్‌కు ట్రైనింగ్‌లో ఏమీ నేర్పలేదు.

పెద్దావిడ తల ఎత్తకుండా అడిగింది. "ఏం పని చేస్తారు?"

"టైల్స్ వేస్తాను."

"ఇంకేమైనా?"

"ఇంకేమీ లేదు."

ఆమె ముద్ర కొట్టి ఇచ్చింది. సర్వీసులో చేరింది మొదలు అతని వేషం ఇంత పక్కాగా ఏనాడూ కుదరలేదు.