మగ్రిబ్ వేళ మూసిన కిటికీ

గాజు గ్లాసులో చల్లటి నీళ్ళు పోస్తే బయటివైపు తడి పడుతుంది కదా? గాలిలోని ఆవిరే చల్లటి గాజుకు తగిలి నీరవుతుంది. నంద్యాల బడిలో ఏళ్ళ తరబడి చెప్పిన పాఠమే. రిటైరయ్యాక, పరదేశంలో, వెర్రిబీ అనే ఊళ్ళో, మా అబ్బాయి ఉబైద్ అద్దె ఇంట్లో మళ్ళీ చెప్పాల్సొచ్చింది.

అది 1999 చలికాలం. ఉబైద్, కోడలు బాను ఇద్దరూ రెండువేల సంవత్సరం రాకముందే కంప్యూటర్లలో తేదీలు సరిచేసే పనిలో పడి, చీకటి పడ్డాకే ఇల్లు చేరేవారు. మనవరాలు అలీజా నా దగ్గరే ఉండేది. దాని గది మేడ మీద. అక్కడ పైకప్పు వాలులోంచి చిన్న గూడులా పొడుచుకొచ్చిన కిటికీ. దాని చుట్టూ చెక్కగోడలు లోపల బోలు, చలి నేరుగా దిగేది. పొద్దున్నే అద్దం నిండా నీళ్ళు, మూలల్లో నల్లటి బూజు, ముక్కిపోయిన వాసన. అలీజాకేమో ఉబ్బసం. పడుకుంటే చాలు, ఛాతీలో పిల్లికూతలు. రోజూ మెట్లెక్కి అద్దం తుడిచి తుడిచి నా మోకాళ్ళు అరిగిపోయాయి.

చివరికి ఇంటి ఓనరు యోగేంద్ర అనే ఫిజీ వడ్రంగిని పంపాడు. గోడల బోలులో చలి ఆపే ఇన్సులేషన్ దూది కూరి, సందులన్నీ మూసి, వెళ్తూ వెళ్తూ అన్నాడు. "ఆంటీ, ఈ పూట విండో తెరిచే ఉంచండి. లోపల ఉన్నది బయటికి పోవాలి."

సరేనన్నాను. కానీ మగ్రిబ్ వేళకు, పొద్దుగుంకే నమాజుకు ముందు, కిటికీలు మూసి పిల్లల్ని పిలుచుకోవడం మా అమ్మ నేర్పిన అలవాటు. బయటివి లోపలికి రాకూడదని. ఆ వేళకు చెయ్యి ఊరుకోదు. అలీజా తెరిచి ఉన్న కిటికీరెక్క అద్దానికి ముక్కు ఆనించి, ఆవిరి ఊది బొమ్మ గీస్తోంది.

"దా తల్లీ, కిందికి."

"దాదీ, వెయిట్! ఇంకా ఫినిష్ అవలేదు!"

రెక్క లాగి గడియ పెట్టేసి, పిల్లను కిందికి తీసుకొచ్చాను.

కింద నమాజు ముగించి తల తిప్పేసరికి... పైనుంచి పిల్లికూత. లాగడం... వదలడం...

పరుగున వెళ్ళి వంటింట్లోకి చూశాను. అలీజా బిస్కెట్ తింటోంది.

కాళ్ళీడ్చుకుంటూ మెట్లెక్కాను. గది ఖాళీ. కిటికీ అద్దం మీద, పిల్ల ముక్కు ఎత్తున, గుండ్రటి మసక. కూత వదిలినప్పుడు పెరుగుతోంది... లాగినప్పుడు తగ్గుతోంది...

గడియ తీయబోయాను. కదల్లేదు. రెండు చేతులతో లాగాను. కదల్లేదు.

అప్పుడే ఉబైద్ పని నుంచి వచ్చి, మెట్లెక్కి గుమ్మం దగ్గర ఆగాడు. "ఏంటమ్మీ, పాఠం మర్చిపోయిన టీచర్‌లా నిలబడ్డావ్?"

"ఇక్కడ... వినబడుతోందా?" గుసగుసగా అడిగాను.

"ఏమీ లేదే. అలీజాను చూశావా? ఒక్క కూత లేదు! వడ్రంగి ఫస్ట్ క్లాస్‌గా చేశాడు. దిగు, రెస్ట్ తీసుకో."

దిగాను. వంటింటి కిటికీ అవతల ఎముకలు కొరికే చలి. అలీజా ఆ అద్దానికి ముక్కు ఆనించి, నోరు బార్లా తెరిచి "హా... హా..." అంటోంది.

"దాదీ, ఇది వర్క్ అవట్లేదు."

అద్దం పొడిగా, తేటగా ఉంది.