మర్నాటి పండగ

పండగ దగ్గర పడిందంటే ఆ బేకరీలో ఎవరికీ ఒళ్ళు తెలిసేది కాదు. సరిగ్గా అప్పుడే పెద్ద ఓవెన్ మొరాయించింది.

మెకానిక్ వచ్చాడు. వచ్చినవాడు ఓవెన్ వెనక దూరి ఎంతకీ బయటికి రాడే! కేకుల మీద పేర్లు రాసే అమ్మాయి, అంటే ఓనరుగారి కూతురే, క్రీము కోన్ చేత్తో పట్టుకుని అతని నెత్తిన నిలబడింది.

"ఇంకెంతసేపండీ?"

"చూడనివ్వండి మేడమ్."

"చూసింది చాలు, బాగుచెయ్యండి."

"మీరలా పక్కన నిలబడితే నాకు చెయ్యాడదు."

"ఆడకపోతే చెప్పండి, ఇంకొకర్ని పిలుచుకుంటాం."

"పండగ ముందు ఇంకొకరు దొరికితే నాకూ చెప్పండి. నేనూ సెలవు పెట్టుకుంటా."

గల్లాపెట్టె దగ్గర కూర్చున్న నాన్నమ్మ కిసుక్కున నవ్వింది. అమ్మాయికి ఒళ్ళు మండిపోయింది. ఆ కోపంలో ఎవరిదో పుట్టినరోజు కేకు మీద పేరు వంకరగా రాసి, చెరిపి, మళ్ళీ రాసింది.

సాయంత్రానికి ఓవెన్ వేడెక్కింది. అంతటితో అతను రావడం ఆగాలి కదా? ఆగలేదు. "ఒకసారి చెక్ చేద్దామని" అంటూ వచ్చాడు. "ఇటు పనుండి వచ్చా, చూసి పోదామని" అంటూ మళ్ళీ వచ్చాడు. ఒకరోజు వాన పడుతుంటే, ఒంటి మీద రెయిన్‌కోటు వేసుకుని మరీ వాన తగ్గాలని షాపులో నిలబడ్డాడు.

"ఆ కోటు దేనికండీ, అందానికా?" అంది అమ్మాయి.

అతను కోటు వంక చూసుకుని, ఆమె వంక చూసి, ఏమీ తోచక రెండు బన్నులు కొనుక్కున్నాడు.

మొదట్లో నవ్వులాటే. తర్వాత అతను రాని రోజున ఆమెకు ఏ పని మీదా మనసు నిలిచేది కాదు. బయట బైకు ఆగితే తల ఎత్తేది. వచ్చింది ఇంకెవరో అయితే ఉసూరుమనేది.

పండగ ఇంకో రెండు రోజులుందనగా అతను కౌంటరు దగ్గర నిలబడి చల్లగా కబురు చెప్పాడు.

"పండగ వెళ్ళాక నన్ను వేరే ఊరు వేస్తున్నారండీ. అక్కడ కొత్త ఫ్యాక్టరీ పని."

ఆమె గుండె జారిపోయింది. పైకి మాత్రం, "ఓహో, మంచిదేగా" అంది. "పండక్కి ఇంటికి వెళ్తారా?"

"ఏటా అక్క వాళ్ళింటికి వెళ్ళేవాణ్ణి. ఈసారి అక్క అత్తగారింటికి వెళ్తోంది. కాబట్టి హోటల్ భోజనమే."

"హోటలేంటి, బాగుంది! పండగ భోజనానికి మా ఇంటికి రండి. ఇక్కడికి రెండు వీధుల అవతల, ఆకుపచ్చ గేటు. మధ్యాహ్నానికల్లా వచ్చేయండి."

"నిజంగానా?"

"కాదు, ఊరికే అంటున్నా," అంది ఆమె వెక్కిరింపుగా. "రాకపోతే మాత్రం ఊరుకోను."

అతని కాళ్ళు నేల మీద ఆనలేదు. ఆమె సంగతి చెప్పక్కర్లేదు.

అతని మనసులో ఏముందో భోజనం దగ్గర ఎలాగైనా కక్కించాలనుకుంది. కక్కకపోతే తనే చెప్పేయాలనుకుంది. అతను ఊరు దాటితే ఇక ఏం చెప్పినా ఫోన్లోనే. అదంత తేలిక కాదని ఆమెకు తెలుసు.

పండగ రోజు షాపులో ఇసక వేస్తే రాలనంత జనం. కేకుల మీద పేర్లు రాసీ రాసీ ఆమె వేళ్ళు కొయ్యబారిపోయాయి. అయినా మనసు ఉరకలేస్తూనే ఉంది.

మర్నాడు పొద్దున్నే తలస్నానం చేసి, కొత్త బట్టలు కట్టుకుంది. అమ్మ కోడికూర వండింది, బంగాళదుంపలు వేయించింది. నాన్న తన చేత్తో ఇంటి కేకు చేశాడు. ఆ ఇంట్లో అందరూ కూర్చున్నాక, ముందు ఎవరి బహుమతి వాళ్ళ చేతిలో పడాలి, తర్వాతే వడ్డన. అతని కోసం ఆమె కొన్న తోలు చేతితొడుగులు కూడా పొట్లం కట్టి అక్కడ పెట్టింది. పాపం, ఎప్పుడూ చేతులు కాల్చుకుంటూనే ఉంటాడు మరి.

మధ్యాహ్నం అయింది. అతను రాలేదు. కూర రెండోసారి వేడిచేశారు. గేటు వంక చూసి చూసి ఆమె కళ్ళు కాయలు కాచాయి. ఫోన్ చేస్తే ఎత్తడం లేదు.

"రానివాడి కోసం ఎంతసేపే?" అంది అమ్మ మెల్లగా.

అప్పుడే పండగ పలకరింపుకు ఎదురింటావిడ వచ్చింది. మాటల్లో మాటగా, "నిన్న మీ ఇంటికెవరో అబ్బాయొచ్చాడమ్మా. చేతినిండా పొట్లాలు. తాళం చూసి గుమ్మంలో చాలాసేపు కూర్చుని వెళ్ళిపోయాడు పాపం," అంది.

అమ్మాయి నెత్తిన పిడుగు పడ్డట్టయింది.

కేకులమ్మే ఇంట్లో పండగ రోజున పండగ ఎక్కడిది? ఊరంతా తిని కడుపు నిమురుకున్నాక, మర్నాడు షాపు మూసి వీళ్ళు చేసుకుంటారు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ అంతే. మిగతా జనం అలా చెయ్యరన్న సంగతే ఆమెకు తట్టలేదు. ఎంత తెలివితక్కువ పని!

వెంటనే అతని ఆఫీసుకు ఫోన్ చేసింది. "అతనా? ఇవాళే కదమ్మా ప్రయాణం. ఈపాటికి బస్టాండులో ఉంటాడు," అన్నారు.

ఫోన్ పెట్టేసి నాన్న వైపు తిరిగింది. కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి.

"నాన్నా, నాకు ఆయనంటే ఇష్టం."

"మాకు తెలియదనుకున్నావుటే!" అంది నాన్నమ్మ. "బాగున్న ఓవెన్ని పట్టుకుని అన్నిసార్లు చెక్ చేసేవాణ్ణి నా జన్మలో చూడలేదు."

నాన్న లేచి కూరగిన్నెకు మూత పెట్టాడు.

"ఇంకా చూస్తావేంటి? నువ్వు కేకు పట్టుకో. అమ్మా, నువ్వు బండెక్కు. ఇంట్లో చేసుకుంటేనేనా పండగ?"

బస్టాండులో అతను బెంచీ మీద ఒంటరిగా కూర్చుని ఉన్నాడు. గిన్నెలతో, గరిటెలతో దండెత్తి వస్తున్న కుటుంబాన్ని చూసి బిత్తరపోయి లేచి నిలబడ్డాడు.

"ఏంటండీ ఇదంతా?"

"పండగ," అంది ఆమె రొప్పుతూ.

"పండగ నిన్న కదా."

"ఊరికి నిన్న. మాకు ఇవాళ. చెప్పడం మర్చిపోయాను. తప్పు నాదే. షాపుకైనా రావచ్చు కదా?"

"వచ్చాను. అద్దంలోంచి చూశాను. మీరు నవ్వుతూ పనిచేసుకుంటున్నారు. ఏదో మర్యాదకి పిలిచారు, నేనే ఎక్కువ అనుకున్నాననిపించింది. ఫోన్ మోగితే కూడా ఎత్తడానికి మొహం చెల్లలేదు."

"మర్యాదకి పిలిచే మొహమా నాది? మీరొస్తారని రాత్రంతా నిద్రపోలేదు నేను. మీరంటే నాకిష్టం. చాలా?"

అతను వంగి సంచీ తెరిచి పొట్లాలు తీశాడు. నాన్నమ్మకు శాలువా, అమ్మానాన్నలకు చెరో కప్పు, ఆమెకు నీలం స్కార్ఫు.

"పారేద్దామనుకున్నా. మనసు రాలేదు," అన్నాడు. "నాకూ అంతేనండీ. మొదటిరోజు తిట్టారు చూడండి, అప్పట్నుంచే."

ఆమె తోలు చేతితొడుగుల పొట్లం అతని చేతిలో పెట్టింది. ఆ తర్వాతే, బెంచీ మీదే వడ్డించారు. అతను నాలుగు ముద్దలు తిన్నాడో లేదో బస్సు హారన్ కొట్టింది.

"మళ్ళీ పండగంటే ఏడాది," అన్నాడు ఆమెనే చూస్తూ.

"మా పండగ రోజు మేమే పెట్టుకుంటాం బాబూ," అన్నాడు నాన్న. "నీకు ఎప్పుడు సెలవు దొరికితే అప్పుడే."

బస్సు కదిలింది. అది కనుమరుగయ్యేదాకా ఆమె చూస్తూ నిలబడింది. ఆ తర్వాత రోజులు ఎంత బరువుగా గడిచాయో ఆమెకే తెలుసు. పొద్దంతా ఎవరెవరి పేర్లో రాసేది, రాయాలనున్న పేరు మాత్రం మనసులోనే దాచుకునేది. సాయంత్రం ఫోన్ మోగితే ప్రాణం లేచివచ్చేది, పెట్టేస్తే మళ్ళీ దిగులే.

ఎండలు ముదిరాక, పండగా పబ్బమూ ఏమీలేని ఒక మామూలు పనిరోజున, ఆ బేకరీ మూసేశారు. తలుపు మీద అట్టముక్క వేలాడుతోంది: "ఈ రోజు పండగ. షాపు సెలవు."

రొట్టె కోసం వచ్చినాయన అది చదివి, బయట కుర్చీలో కూర్చున్న నాన్నమ్మను అడిగాడు.

"ఇవాళేం పండగండీ? నాకు తెలీకుండా!"

"మా ఇంటికి అల్లుడొస్తున్నాడు నాయనా," అంది నాన్నమ్మ గట్టిగా.

అప్పటిదాకా ఆ ఇంట్లో ఎవరూ ఆ మాట పైకి అనలేదు. గుమ్మంలో నిలబడ్డ అమ్మాయి ఉలిక్కిపడి తల తిప్పింది. సంచీ భుజాన వేసుకుని మలుపు తిరిగిన అతనూ ఆ మాట విన్నాడు. విని, ఉన్నచోటే ఆగిపోయాడు. ఆమె ఇక ఆగలేక వీధిలోకి, అతని దగ్గరికి పరిగెత్తింది.